తెలుగులో సైన్స్ మెటీరియల్ తయారు చేసి పంచాలంటే: చంద్రగిరి టీచర్ గారి ప్రశ్నకి నా సమాధానం

మేడం, ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్పుకుంటే మిగతావాళ్లకీ అర్థమవుతుంది. మీరు చంద్రగిరి పక్కన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తున్నారు. 8, 9, 10 తరగతులకి నోట్సులు, వర్క్‌షీట్లు రాసి పీడీఎఫ్‌లుగా వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు. ఊళ్లో పెద్దవాళ్ల కోసం పాముకాటు మీద ఒక పోస్టరు కూడా వేయించారు. అందరూ నమస్కారం బొమ్మ పెడుతున్నారు గానీ ఎవరూ వాడుతున్నట్టు లేదు. టెక్స్ట్‌బుక్ బొమ్మలు తీసుకోవచ్చా, వాటర్‌మార్క్ వేయాలా, యూట్యూబ్ చానల్ పెట్టాలా, ఇవన్నీ ఎక్కడ దాచాలి, పుస్తకంగా వేసి అమ్మొచ్చా అన్నవి మీ సందేహాలు.

నేను ఈ జిల్లాలోనే సైన్స్ టీచరుగా చేసి, తర్వాత టీచర్ల శిక్షణలకి మెటీరియల్ రాయడం, రాయించడం పనిలో ఉన్నాను. కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకండి.

మీరు పెట్టిన వర్క్‌షీట్లు, పోస్టరు చూశాను. విషయంలో తప్పుల్లేవు. ఇబ్బంది ఎక్కడుందంటే, మీ పీడీఎఫ్ అందుకున్న ఇంకో టీచరు దాన్ని ఉన్నది ఉన్నట్టు వాడాలి, లేకపోతే వదిలేయాలి. పాకాలలో ఒక సార్ ఉన్నారనుకోండి. ఆయన క్లాసులో సగంమందికి భాగహారం సరిగా రాదు. మీ ప్రశ్నల్లో కష్టమైనవి నాలుగు తీసేసి, తేలికవి రెండు కలిపితే ఆయనకి చక్కగా సరిపోతుంది. పీడీఎఫ్‌లో ఆ పని కుదరదు. మొదట్నుంచీ మళ్లీ టైపు చేసే ఓపిక ఎవరికుంటుంది? ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేసి ఊరుకుంటారు. పీడీఎఫ్‌తో పాటు, మార్చుకోవడానికి వీలయ్యే అసలు ఫైలు కూడా ఇవ్వండి. వర్డ్ అయినా సరే, లిబ్రేఆఫీస్ అయినా సరే. ఈ సమాధానంలో ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. తయారు చేసేవాళ్లకి మన దగ్గర ఎప్పుడూ కరువు లేదు. ఒకరు చేసినదాని మీద ఇంకొకరు పని చేసే వీలే ఉండదు, అందుకే ప్రతి టీచరూ ఒకటో పాఠం నుంచి మళ్లీ మొదలుపెడుతుంటారు.

అసలు ఫైలు ఇచ్చినా పనికిరాని సందర్భం ఒకటుంది, అది మీ పోస్టరుకే వర్తిస్తుంది. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నా ఫోన్లో పేస్ట్ చేసి చూశాను. ఇంగ్లీషు అక్షరాలు, బ్రాకెట్లు, కామాలు కలగాపులగంగా వచ్చాయి. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టించి ఉంటారు. శుభలేఖల నుంచి గైడ్ల దాకా ఇప్పటికీ చాలాచోట్ల అట్లానే నడుస్తోంది. అచ్చుకి అందంగానే ఉంటుంది, పేచీ లేదు. కానీ కంప్యూటరు దృష్టిలో ఆ ఫైల్లో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, తెలుగు వేషం కట్టిన ఇంగ్లీషు అక్షరాలున్నాయి. దాన్ని గూగుల్లో వెతికితే దొరకదు. చూపు సరిగా లేని పిల్లలకి ఫోన్ చదివి వినిపించలేదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చి గీతలు.

కాబట్టి యూనికోడ్‌లోనే టైపు చేయండి. మీరు ఫోన్లో వాట్సాప్‌కి కొట్టే తెలుగు యూనికోడే, కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. నోట్సుకి నోటో సెరిఫ్ తెలుగు, మండలి ఫాంట్లు బాగుంటాయి, హెడ్డింగులకి రామభద్ర. ఇవన్నీ ఉచితం, ఎవరికైనా ఇవ్వొచ్చు, అచ్చుకి వాడొచ్చు. డీటీపీవాళ్లు "యూనికోడ్ అయితే వత్తులు విరిగిపోతాయి సార్" అంటారు. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్లో అది నిజమే. దాని తర్వాత వచ్చిన ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు ఆన్ చేస్తే విరగవు. ఇప్పటికే అనులో కొట్టించిన పేజీలుంటే యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక వత్తులు, అంకెలు, సైన్స్ సూత్రాలు మాత్రం ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి, ఎక్కువగా అక్కడే తేడాలొస్తాయి.

ఇక ఏం రాయాలి? టెక్స్ట్‌బుక్‌లో ఉన్నదాన్నే కుదించి నోట్స్‌గా రాయడం మానేయమంటాను. పుస్తకం ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగుగా పిల్లాడి చేతిలోనే ఉంది. లోపల క్యూఆర్ కోడ్‌లున్నాయి. బజార్లో గైడ్లున్నాయి. అదే పాఠం చెప్పే వీడియోలకి లెక్కే లేదు. వాటి మధ్య మీ నోట్స్ ఇంకొకటి అవుతుందంతే. ఇక్కడి నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ రాయలేని పాఠాలు రాయండి.

ఒకటి చెప్తాను. తిరుపతి సుమారు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అంటే ఏడాదికి రెండుసార్లు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నెత్తిమీదికి వస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ పడదు. మొదటిది ఏప్రిల్ 26 ప్రాంతంలో, రెండోది ఆగస్టు 16 ప్రాంతంలో. ఢిల్లీలో కూర్చుని రాసే మెటీరియల్‌లో దీన్ని ప్రయోగంగా పెట్టలేరు, ఎందుకంటే కర్కాటక రేఖకి పైనున్న ఢిల్లీ పిల్లలకి అసలు నీడ లేని రోజే ఉండదు. ఏప్రిల్ రోజు వేసవి సెలవుల్లో పడిపోతుంది కాబట్టి మనకి ఆగస్టే దిక్కు. మబ్బు పడితే భయం లేదు, ఒక రోజు అటూ ఇటూ అయినా మీటరు కర్రకి నీడ సెంటీమీటరు కూడా ఉండదు. ఇంకో సంగతి, అది సరిగ్గా పన్నెండింటికి జరగదు. మన గడియారం 82.5 డిగ్రీల రేఖాంశం ప్రకారం నడుస్తుంది, మనమేమో దానికి మూడు డిగ్రీలు పడమరన ఉన్నాం. అందుకని ఆగస్టులో తిరుపతి మధ్యాహ్నం 12 గంటల 16 నిమిషాలకి అవుతుంది. "12 గంటల 5 నిమిషాల నుంచి 12:30 దాకా ఐదేసి నిమిషాలకోసారి నీడ కొన దగ్గర చుక్క పెట్టండి" అని రాస్తే పిల్లలే కనిపెడతారు, మీరు చెప్పనక్కర్లేదు.

అదే రోజు హైదరాబాద్‌లో ఉన్న ఏ పెదనాన్న కొడుకుకో ఫోన్ చేసి, అక్కడ మీటరు కర్ర అతి చిన్న నీడ ఎంతో కొలిచి చెప్పమనండి. ఆరున్నర సెంటీమీటర్లు వస్తుంది. అంటే సుమారు 3.7 డిగ్రీల కోణం. రెండు ఊళ్లకీ ఉత్తర దక్షిణాలుగా దూరం 410 కిలోమీటర్ల పైచిలుకు. 3.7 డిగ్రీలకి అంత దూరమైతే 360 డిగ్రీలకి ఎంతో చూస్తే అదే భూమి చుట్టుకొలత, 40 వేల కిలోమీటర్ల దగ్గర తేలుతుంది. రోడ్డు దూరం పెట్టి లెక్క వేస్తే జవాబు దెబ్బతింటుంది, మ్యాపులో నిలువు దూరమే తీసుకోవాలని వర్క్‌షీట్లో రాయండి. ఇదంతా ఒక కాగితానికి రెండు వైపులా సరిపోతుంది.

ఇలాంటివి మన చుట్టూ బోలెడు. గాదంకిలో వాతావరణ పరిశోధనశాల రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేస్తుంది, 1024 యాంటెన్నాలుంటాయి. దాని తరంగదైర్ఘ్యం ఎంత అని అడగండి, 5.7 మీటర్ల దగ్గర వస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన రెండు వేర్వేరు యుగాల రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్న చోటుంది. కింద పాత గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు, మధ్యలో కోట్ల ఏళ్ల ఖాళీ. దాన్ని భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. మన పిల్లలు దాని పక్కనుంచే గుండు చేయించుకోవడానికి పోయి వస్తుంటారు.

మీ కరెంటు వర్క్‌షీటు సంగతి. "విద్యుత్ సామర్థ్యమును నిర్వచింపుము" అని మొదలైంది. దాని బదులు "మీ చేలో బోరు మోటారు ఎన్ని హెచ్‌పీ?" అని అడగండి. రైతు బిడ్డల్లో చాలామంది టక్కున చెప్తారు. ఐదు హెచ్‌పీ అంటే సుమారు 3.7 కిలోవాట్లు. తొమ్మిది గంటలు ఆడితే 33 యూనిట్లు. ఇంట్లో కిలోవాటు ఇస్త్రీ పెట్టె గంట వాడితే ఒక యూనిట్. ఈ రెండూ పక్కపక్కన పెడితే పిల్లాడికి యూనిట్ అంటే ఏంటో ఒంటబడుతుంది, నిర్వచనం తర్వాత రాయించొచ్చు. టీచరు కోసం కింద చిన్న గమనిక పెట్టండి: మోటారు మీద రాసిన హెచ్‌పీ అది చేసే పనికి సంబంధించింది, కరెంటు అంతకన్నా ఎక్కువే లాగుతుంది. తెలివైన పిల్ల ఒకత్తి ఈ ప్రశ్న అడిగి తీరుతుంది, అప్పుడు సార్ నోరు వెళ్లబెట్టకూడదు కదా.

రాశాక గ్రూపులో పెట్టేముందు పిల్లల ముందు పెట్టండి. ముగ్గురు చాలు: బాగా చదివే పిల్ల, మధ్యస్తంగా ఉండేవాడు, పేజీ చూస్తేనే టెన్షన్ పడేవాడు. కాగితం ఇచ్చి పక్కన కూర్చోండి, నోరు మాత్రం కట్టేసుకోవాలి. పెన్సిల్ ఎక్కడ ఆగిందో అక్కడ గుర్తు పెట్టుకోండి. "టీచర్, అంటే ఏంటి?" అన్నచోట మీరు నోటితో ఇచ్చే వివరణ ఏదైతే ఉందో అదే కాగితం మీద ఉండాల్సిన వాక్యం. నీడ వర్క్‌షీట్లో "కర్రను నిటారుగా పాతండి" అని రాస్తే పిల్లలు కంటి అంచనాతో పాతేస్తారు. రెండు డిగ్రీలు వాలినా మీటరు కర్రకి మూడున్నర సెంటీమీటర్ల దొంగ నీడ పడుతుంది, ప్రయోగం మొత్తం పోయినట్టే. "మేస్త్రీలు గోడ చూసుకున్నట్టు దారానికి రాయి కట్టి, కర్ర పక్కన రెండు వైపుల నుంచీ వేలాడదీసి చూడండి" అని రాసి, పక్కన చిన్న బొమ్మ వేస్తే సరిపోతుంది. మీ గదిలో కూర్చుంటే ఈ వాక్యం తట్టదు.

ఇంకో పరీక్ష మరీ చిన్నది, అందరూ మర్చిపోయేది. కాగితాన్ని జెరాక్స్ తీయించండి. ఆ జెరాక్స్‌ని మళ్లీ జెరాక్స్ తీయించండి. పిల్లాడి చేతికి చేరేది ఆ రెండోదే. మీ వర్క్‌షీట్లో ఎర్ర తీగ, నీలం తీగ అని రంగుల్లో చూపించారు. నలుపు తెలుపులో రెండూ ఒకటే బూడిదరంగు. ఒకటి మామూలు గీత, ఇంకొకటి చుక్కల గీత పెట్టండి. వెనకాల లేత రంగు డిజైన్లు తీసేయండి, జెరాక్స్‌లో అవి మరకలవుతాయి.

మెటీరియల్‌ని ఇంకొకరు మార్చుకునేలా చేయడం గురించి ఎక్కడో వెతుక్కోనక్కర్లేదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ వాళ్లు 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం చేసిన పని ఉంది. అప్పట్లో అది మన చిత్తూరు జిల్లానే. ఒకే గదిలో ఐదు తరగతులు, ఒకే టీచరు. వాళ్లు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టారు. ప్రతి కార్డు మీద ఒక గుర్తు, గోడ మీద ఒక నిచ్చెన పటం. పిల్లాడు తాను ఏ మెట్టు మీదున్నాడో చూసుకుని, తన కార్డు తానే తీసుకుని పని మొదలుపెడతాడు. 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' పేరుతో అది వేరే రాష్ట్రాలకీ వెళ్లింది, తమిళనాడు ప్రభుత్వ బడులు దాన్ని తమ పద్ధతిలో మలుచుకున్నాయి. నాకు అందులో బాగా నచ్చేది కార్డు సైజు. ఒక కార్డు మన పిల్లలకి పనికిరాకపోతే ఆ ఒక్కటి తీసేసి సొంతది పెట్టుకోవచ్చు, మిగతా పెట్టె చెక్కుచెదరదు. మీ 40 పేజీల నోట్స్‌కి ఆ వీలు లేదు. ఒక పేజీకి ఒక పని చొప్పున విడగొట్టండి.

పోస్టరుకి వద్దాం. పెద్దవాళ్లకి రాయడం పిల్లలకి రాయడం కన్నా కష్టం, వాళ్లకి పరీక్ష భయం లేదు కాబట్టి నచ్చకపోతే చూడనే చూడరు. కానీ నచ్చితే ఎంత దూరం పోతుందో పక్క జిల్లానే చూపించింది. నెల్లూరు జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో సారా వల్ల సంసారం నాశనమైన ఆడమనిషి కథ పాఠంగా పెట్టారు. దూబగుంట ఆడవాళ్లు అది చదివి, చర్చించుకుని, 1992లో తమ ఊరి సారా దుకాణం మీదికే వెళ్లారు. అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వచ్చింది. ఆ పాఠంలో గణాంకాలేవీ లేవు. వాళ్లింట్లో రోజూ జరిగేదే ఉంది.

మీ పాముకాటు పోస్టరులో విషం రకాలు, ఏ విషం దేనిమీద పనిచేస్తుంది, పాముల శాస్త్రీయ నామాలు, పర్యావరణంలో పాముల పాత్ర అన్నీ ఉన్నాయి. చేయాల్సిన పని మాత్రం కింద మూలన చిన్న అక్షరాల్లో ఉంది. కాటేసిన ఇంట్లో పోస్టరు చదివే తీరిక ఎవరికుంటుంది? దూరం నుంచి కనిపించాల్సింది ఒక బొమ్మ: మనిషిని పడుకోబెట్టి, కాటు పడిన కాలికి బద్ద ఆనించి, కదలకుండా ఉంచినది. పక్కన పెద్దక్షరాల్లో "కోయొద్దు, గట్టిగా తాడు కట్టొద్దు, నోటితో పీల్చొద్దు, మంత్రం కోసం ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి". దాని కింద మీ ఊరికి దగ్గర్లో విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆసుపత్రి పేరు. అది మీరే స్వయంగా వెళ్లి కనుక్కుని రాయాలి, అంచనాతో రాయకూడదు.

ఆ తర్వాత రెండు విషయాలు చేర్చండి, ఇవి పోస్టర్లలో సాధారణంగా కనబడవు. ఒకటి, కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగించకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. రెండు, పాముని చంపి సంచిలో వేసుకురానక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ మన దేశంలో ఇచ్చేది ఒకటే మందు. పాముని వెతుకుతూ పోతే రెండో కాటు పడుతుంది. పోస్టరు వేసేముందు ప్రభుత్వాసుపత్రి డాక్టరుకి ఒకసారి చూపించండి. "ఫలానా నెల, ఫలానా సంవత్సరంలో డాక్టరు సరిచూసినది" అని అడుగున వేస్తే, నాలుగేళ్ల తర్వాత దొరికిన వాళ్లకి మళ్లీ కనుక్కోవాలని తెలుస్తుంది. పాల కేంద్రం దగ్గర, రేషను షాపు గోడ మీద, మామిడి మండీ దగ్గర అతికించండి. పంచాయతీ ఆఫీసు నోటీసు బోర్డు ఎవరూ చూడరు.

ఇక హక్కుల గోల. క్లాసులో పాఠం చెప్పడానికి టీచరు పుస్తకంలోంచి కొంత కాపీ చేసి వాడుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలు ఇస్తుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గర జెరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ వైపే మాట్లాడింది. కానీ మీరు చేస్తున్నది వేరు. టెక్స్ట్‌బుక్ బొమ్మ కత్తిరించి, మీ పీడీఎఫ్‌లో అతికించి, మీ పేరు వేసి నెట్‌లో అందరికీ పెడుతున్నారు. ఆ పనికి ఆ సెక్షన్ మిమ్మల్ని కాపాడుతుందని నమ్ముకోవద్దు. ఓమ్ నియమం ఎవరి సొత్తూ కాదు. ఆ పేజీలోని వాక్యాలు, ఆ గీసిన బొమ్మ మాత్రం ఒకరివి. తెల్ల కాగితం మీద మీరే గీసి ఫోన్‌తో ఫోటో తీయండి, వంకరగా ఉన్నా పర్లేదు. మీ డ్రాయింగ్ మాస్టారు ఉంటే ఇంకా మంచిది. గూగుల్ ఇమేజెస్‌లో కనిపించినంత మాత్రాన ఉచితం అనుకోకండి. వికీపీడియా వాళ్ల ఉచిత బొమ్మల భండారం వికీమీడియా కామన్స్‌లో వెతికి, గీసినవారి పేరు, లైసెన్సు బొమ్మ కిందే రాసి వాడుకోండి.

మీ సొంత పనికి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే ఎవరైనా వాడుకోవడానికి ముందే ఇచ్చే అనుమతి, పెట్టండి. అడుగున ఒక లైను చాలు: "సీసీ బై 4.0: నా పేరు చెప్పి ఎలాగైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు". మార్చినవాళ్లు కూడా అదే షరతుతో పంచాలనుకుంటే 'బై-ఎస్‌ఏ' పెట్టుకోండి, వికీపీడియాలో వ్యాసాలు ఉండేది దాని కిందే. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు, అది ఆలోచించుకునే ఇవ్వండి. "మార్పులు చేయరాదు" అనే రకం మాత్రం వద్దు. నగరిలోనో సత్యవేడులోనో తమిళ మీడియం టీచరు మీ వర్క్‌షీట్‌ని తమిళంలోకి మార్చుకుందామంటే అది అడ్డమవుతుంది. "వ్యాపారానికి వాడరాదు" అనేది వినడానికి బాగుంటుంది, చాలామంది పెట్టేది అదే. నాకు మాత్రం నచ్చదు. ఆ షరతు ఉంటే వికీమీడియా కామన్స్ తీసుకోదు. ఏదో కోచింగ్ సెంటరు వాడు మీ కాగితం కాపీ కొట్టి పది రూపాయలకి అమ్ముకుంటాడేమోనన్న భయం మీకు ఉండొచ్చు. అమ్ముకోనివ్వండి, మీ పేరుతోనే అమ్మాలి కదా, ఉచిత కాపీ ఎక్కడుందో కూడా అందులోనే ఉంటుంది.

వాటర్‌మార్క్ తీసేయండి. పేజీ మధ్యలో ఐమూలగా మీ పేరు, ఫోన్ నంబరు ఉంటే జెరాక్స్‌లో ప్రశ్న చదవలేరు. ఫోన్ నంబరైతే ఎక్కడా వద్దు, ఆడవాళ్ల నంబర్లు గ్రూపుల్లో తిరిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా.

ఎక్కడ పెట్టాలి అన్నారు. వాట్సాప్ ప్రచారానికి బాగుంటుంది, దాచడానికి పనికిరాదు. బొమ్మలు పంపితే నాణ్యత తగ్గించేస్తుంది, డాక్యుమెంటుగా పంపాలి. నెల తర్వాత పైకి వెతికితే దొరకదు. గూగుల్ డ్రైవ్ లింకులు ఒక్కోసారి "అనుమతి అడగండి" అని మొరాయిస్తాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ (archive.org) అనే సైటులో ఖాతా తెరిచి, ఒక్కో పాఠానికి ఒక్కో పేజీగా పీడీఎఫ్, అసలు ఫైలు రెండూ పెట్టండి. అది ఉచితం, లింకు మారదు. విడి బొమ్మలు, ఫోటోలు కామన్స్‌లో పెట్టండి, తెలుగు వికీపీడియాలో వ్యాసం రాసేవాళ్లకి కూడా పనికొస్తాయి. కామన్స్ వర్డ్ ఫైళ్లు తీసుకోదు, వాటికోసమే ఆర్కైవ్. ఫైలుకి 'ఫైనల్ కొత్తది 2' అని కాకుండా 'నీడ, 8వ తరగతి, 2వ కూర్పు' అని పేరు పెట్టండి. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల సైటు దీక్షా పోర్టల్‌లోకి ఎక్కాలంటే దారి రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ ఎస్‌సీఈఆర్‌టీ గుండా పోతుంది, కార్వేటినగరం డైట్ (టీచర్ల శిక్షణ సంస్థ)లో అడిగితే ఎలాగో చెప్తారు. అలిపిరి రోడ్డులోని ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచి ఉంది. వాళ్ల విద్యా విభాగం వాళ్లని ఒకసారి కలవండి, నీడ ప్రయోగం లాంటిది వాళ్ల ఆవరణలో చేయించుకోవడానికి ఒప్పుకోవచ్చు.

యూట్యూబ్ గురించి నా అభిప్రాయం మీకు నచ్చకపోవచ్చు. చానల్ పెట్టకండి, ఇప్పుడే వద్దు. మీ పిల్లల్లో చాలామందికి ఫోన్ సాయంత్రం నాన్న ఇంటికొచ్చాకే దొరుకుతుంది, అదీ అన్నదమ్ములతో పోట్లాడాక. నలభై నిమిషాల పాఠం ఎవరు చూస్తారు? కాగితం మీద చూపించలేనిది ఏదైనా ఉంటేనే వీడియో తీయండి: కర్ర నీడ ఎలా కుదించుకుపోతుందో, రసాయనం కలిపితే రంగు ఎలా మారుతుందో. మూడు నిమిషాలు చాలు. మీ ముఖం కనబడక్కర్లేదు, చేతులు కనబడితే చాలు. ఫ్యాను ఆపేసి మాట్లాడండి, సగం వీడియోలు ఆ చప్పుడుతోనే పాడవుతాయి. కొన్ని విషయాలకి మీరు వీడియో తీయనే అక్కర్లేదు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు, అంటే కంప్యూటర్ తెర మీద చేసి చూసే ప్రయోగాలు, కొన్ని తెలుగులో ఉన్నాయి, డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకుండా ల్యాబ్ కంప్యూటర్లో నడుస్తాయి. సర్క్యూట్లు పిల్లలే కట్టి చూసుకుంటారు.

పిల్లల ముఖాలు, పేర్లు మాత్రం నెట్‌లో పెట్టకండి. పెట్టాల్సి వస్తే తల్లిదండ్రుల సంతకం తీసుకోండి. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల విషయంలో అమ్మానాన్నల సమ్మతి అడుగుతోంది. చట్టం సంగతి పక్కనబెట్టినా, పిల్ల తప్పు జవాబు చెప్పిన వీడియో ఊరంతా తిరిగితే ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తదు.

చివరికి అమ్మకం. సీసీ బై పెట్టినా అచ్చు పుస్తకం మీరే అమ్ముకోవచ్చు, అడ్డు లేదు. ప్రభుత్వ ఉద్యోగులు కాబట్టి ధర వేసి పుస్తకం తేవాలంటే ముందు హెడ్మాస్టరు గారి ద్వారా పైవాళ్లకి రాసి, అనుమతి కాగితం మీద తీసుకోండి, నోటిమాట సరిపోదు. ఈలోగా నాకైతే ఒక పని చేసి పెట్టండి. నీడ వర్క్‌షీటు ఒక్కటి యూనికోడ్‌లో టైపు చేసి, ముగ్గురు పిల్లలకి ఇచ్చి చూసి, అసలు ఫైలు ఇక్కడ పెట్టండి. కుప్పం వాళ్లకి తేదీ ఆగస్టు 18, 19కి జరుగుతుంది, వేళ కూడా నాలుగైదు నిమిషాలు ఆలస్యమవుతుంది. ఆ కూర్పు నేను మార్చి పెడతాను.